డిగ్రీ అయిపోయింది, వాగ్దానం వచ్చింది, ఉద్యోగం రాలేదు. దేవుని చిత్తం ఎలా తెలుసుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈ ఏడాదే బీఎస్సీ అయింది. ఇల్లు వైజాగ్‌లోనే. కొత్త ఏడాదికి మందిరంలో బైబిల్ వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డులో యిర్మీయా 29:11 వచ్చింది, మీ మేలు కోసమే ఆలోచిస్తున్నాను, మీకు మంచి భవిష్యత్తు ఇస్తాను అని దేవుడు చెప్పే వచనం. ఎదురుగా మూడు దారులున్నాయి: హైదరాబాద్‌లో చిన్న జీతం ఉద్యోగం, ఇక్కడే ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగ్, లేదా ఎమ్మెస్సీ. ఏది దేవుని చిత్తమో తేలక ఉపవాసాలు చేస్తున్నావు. ఆదివారం మందిరానికి వెళ్తే "ఏం చేస్తున్నావు బాబూ?" అని అందరూ అడుగుతారని టెన్షన్. ఇంతేకదా?

నాకూ సరిగ్గా అదే వచనం వచ్చింది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకున్న కార్డు అది. అమ్మ దాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటించింది. చొక్కా తీసుకున్నప్పుడల్లా కనబడేది. సంక్రాంతికి దాన్ని చూస్తే ధైర్యం వచ్చేది. ఆగస్టుకల్లా అది గడువు దాటిన ప్రోనోటులా కనిపించడం మొదలైంది. "ఏటి ప్రభువా, రాసిచ్చావు కదా" అని దానితోనే గొడవపడేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒకాయన ఇంటికి వచ్చాడు. ఫార్మాలో పర్మినెంటు ఉద్యోగమన్నాడు, రెండు నెలల్లో గ్యారంటీ అన్నాడు, పదిహేను వేలు కట్టాలన్నాడు. "దేవుడే నన్ను మీ ఇంటికి పంపాడమ్మా" అని కూడా అన్నాడు. నాన్న కాంట్రాక్టు కూలి. అమ్మ చీటీ పాడుకుని డబ్బు తెచ్చింది. రెండు నెలలు పోయాక ఆయన ఫోను మోగడం మానేసింది. డబ్బు పోయిన బాధ ఎలాగో తట్టుకున్నాను. ప్రార్థన చేసి మరీ ఇచ్చాం కదా, దేవుడెందుకు ఆపలేదన్నదే మింగుడుపడలేదు.

ఆ కోపంలో ఒకరోజు, 11వ వచనం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని యిర్మీయా 27 నుంచి 29 దాకా ఒకేసారి చదివాను. నువ్వూ ఈ రాత్రే చదువు, అరగంట కూడా పట్టదు. అక్కడ హనన్యా అని ఒక ప్రవక్త ఉంటాడు. యూదుల్ని చెరపట్టిన బబులోను రాజు కాడి, అంటే ఆయన పెత్తనం, రెండేళ్ళలో విరిగిపోతుంది, పట్టుకుపోయినవాళ్ళందరూ తిరిగి వచ్చేస్తారు అని మందిరంలో అందరి ముందూ చెబుతాడు. యిర్మీయా మొదట "ఆమెన్, అలాగే జరగనీ" అంటాడు. తర్వాత దేవుని మాట వేరుగా వస్తుంది. బబులోను చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉన్న లెక్క 70 ఏళ్ళు. అది చదవగానే మా ఇంట్లో కూర్చుని టీ తాగి వెళ్ళిన "రెండు నెలల" పెద్దమనిషి గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటికి చాలా రోజులైంది నేను నవ్వి.

70 ఏళ్ళంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది మళ్ళీ యెరూషలేము చూసి ఉండరు. మరి వాళ్ళను ఏం చేయమన్నాడు? 5, 6, 7 వచనాలు చూడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి కాయలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, నేను మిమ్మల్ని పంపిన ఆ పట్టణం బాగు కోసం ప్రార్థించండి. కార్డు మీద 11 ఒక్కటే వేస్తారు. తోట వేసుకో అని వేస్తే ఎవరూ తీసుకోరేమో!

ఇప్పుడు నా అభిప్రాయం. మా పాస్టరు గారు దీనితో పూర్తిగా ఏకీభవించరు, అది కూడా చెప్పేస్తున్నాను. దేవుని చిత్తాన్ని మనం ఎంసెట్ ప్రశ్నలా చూస్తాం. ఒకటే ఆప్షన్ కరెక్టు, తప్పు ఆప్షన్ పెడితే జీవితం పోయినట్టే. నీ మూడు దారుల్లో పాపం ఏదీ లేదు. బైబిల్లో "ఇది దేవుని చిత్తం" అని సూటిగా రాసిన చోట్లు వెతికితే 1 థెస్సలొనీకయులు 4:3లో పరిశుద్ధంగా బతకడం, 5:18లో అన్నిటిలోనూ కృతజ్ఞత చెల్లించడం కనిపిస్తాయి. ఊరి పేరు, కోర్సు పేరు కనిపించవు. యోసేపును అమ్మేసినప్పుడు ఆయన వయసు 17, ఫరో ముందు నిలబడేసరికి 30. మధ్యలో ఏ పని ఎంచుకునే వీలూ ఆయనకు లేదు. చేతికొచ్చిన పని చేశాడు, అంతే.

నా చేతికొచ్చింది గాజుపాత్రలు కడిగే పని. వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్తే వైజాగ్ దగ్గర పరవాడలో ఒక కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో ట్రైనీగా తీసుకున్నారు. బీఎస్సీ ఫస్టు క్లాసు చేతిలో పెట్టుకుని నెలరోజులు ఫ్లాస్కులు, పిపెట్లు కడిగాను. తర్వాత టైట్రేషన్ ఇచ్చారు, అంటే బ్యూరెట్ అనే గాజు గొట్టంలోంచి చుక్కచుక్కగా రసాయనం వదులుతూ, రంగు మారేదాకా చూసి కొలిచే పని. మొదటి రోజే బ్యూరెట్ ఒక చుక్క ఎక్కువ వదిలాను. లేత గులాబీ రంగు రావాల్సింది కాస్తా ముదురు రంగు అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చేయమన్నారు.

ల్యాబ్‌లో ఒక లాగ్‌బుక్ ఉంటుంది. ఏ పని ఏ టైముకి చేశావో అప్పటికప్పుడే రాయాలి. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, దిద్దకూడదు. ఒకే గీత కొట్టి, కింది అంకె కనబడేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ వేయాలి. ఒక సాయంత్రం బస్సు టైమైపోతుంటే సీనియర్ ఒకాయన "పొద్దున్న బ్యాలెన్స్ (తూకం మెషీన్) చెక్ చేయడం మర్చిపోయాం. తొమ్మిదింటికి చేసినట్టు రాసేయ్ తమ్ముడూ, ఎవరు చూస్తారు" అన్నాడు. చేరి మూడు నెలలే. చేయి వణికింది. "నేను చేయలేదు సార్, ఇప్పుడు చేసి ఇప్పటి టైమే వేస్తాను" అన్నాను. మర్నాడు అది పెద్ద విషయమైంది. లేటుగా ఎందుకు చేశారని రాతపూర్వకంగా వివరణ అడిగారు. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాకేమీ బహుమతి రాలేదు, జీతమూ పెరగలేదు. కానీ ఆ సాయంత్రం కంపెనీ బస్సులో గాజువాక వస్తూ, దేవుని చిత్తం కోసం ఏడాదిగా చేస్తున్న ప్రార్థన గుర్తే రాలేదు. దిగాక గమనించాను.

మన ఊరి సంగతే ఒకటి చెప్తాను. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. క్రాన్ 1809లో పోయాడు, డి గ్రాంజ్ 1810లో పోయాడు. సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరూ ఆ పుస్తకం పట్టుకోలేదు. పాత పోస్టాఫీసు వైపు వెళ్ళినప్పుడు ఈ ఊళ్ళోనే కదా వాళ్ళు అచ్చుల దగ్గర మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నది అనిపిస్తుంది. మందిరంలో దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో వీళ్ళకు మైకు ఇచ్చి ఉంటే ఏం చెప్పేవాళ్ళో!

సాక్ష్యాలంటే గుర్తొచ్చింది. మన సంఘాల్లో ఉద్యోగం వచ్చినవాళ్ళే లేచి సాక్ష్యం చెబుతారు. రానివాడు వెనక బెంచీలో కూర్చుంటాడు, తర్వాత మెల్లగా రావడం మానేస్తాడు. నేనూ రెండు నెలలు మానేశాను. నువ్వు మానకు. అడిగితే "ఇంకా ఏమీ రాలేదు ఆంటీ, ప్రార్థన చేయండి" అను. ఒక్కసారి అనేస్తే రెండోసారి అంత కష్టం ఉండదు. ఎవరో ఒక పెద్దాయన్ని పట్టుకో, ప్రసంగం చేయకుండా వినేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరుంటారు.

ఇక నీ మూడు దారులు. ఇంట్లో డబ్బు అవసరమైతే హైదరాబాద్ వెళ్ళు, మొహమాటం లేదు. వెళ్ళిన మొదటి ఆదివారమే హాస్టల్ దగ్గర సంఘం వెతుక్కో, రెండో ఆదివారం అనుకుంటే ఆరు నెలలు పోతాయి. ఆదివారం డ్యూటీ పడుతుందా, వారం సెలవు ఏ రోజు అని చేరకముందే అడుగు. నాకు నెలలో రెండు ఆదివారాలు షిఫ్టు పడేది, గురువారం ఇంటి కూటమే నా ఆరాధన అయింది. బ్యాంకు కోచింగ్ అయితే ఎన్ని ప్రయత్నాలో, ఎన్నాళ్ళో ఇంట్లో ముందే చెప్పి మొదలుపెట్టు. ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని చదువుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది. ఎమ్మెస్సీ మాత్రం ఆ సబ్జెక్టు మీద ఇష్టం ఉంటేనే చెయ్, ఖాళీగా ఉన్నానని చెప్పుకోలేక చేరకు.

ఆ హైదరాబాద్ కంపెనీ డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో డబ్బు అడిగితే, ఎంత భక్తిగా అడిగినా ఇవ్వకు. మార్క్స్ మెమోలు, ప్రొవిజనల్ జిరాక్సులే ఇవ్వు. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకో, వాళ్ళ దగ్గర ఉంచమంటే ఆ రోజే ట్రైనెక్కి వచ్చేయ్.