పక్క టవర్ మీద పిడుగు కడ్డీ ఉంటే మన అపార్ట్‌మెంట్‌కు పిడుగు భయం లేనట్టేనా?

మీరు అడిగినవి మూడు: పక్క టవర్ కడ్డీ మనల్ని కాపాడుతుందా, ఉరిమేటప్పుడు ఫోన్లు ఆపాలా, డాబా మీదికి వెళ్ళొచ్చా. కూకట్‌పల్లిలో అయిదంతస్తుల బిల్డింగ్, మీది పై ఫ్లాట్. పక్కనే ఇరవై అంతస్తుల టవర్ లేచింది, దాని మీద కడ్డీ ఉంది కాబట్టి మనకేం కాదని వాచ్‌మన్‌తో సహా అందరూ అంటున్నారు. ఉరిమినప్పుడల్లా అమ్మగారు ఇంట్లో ఫోన్లన్నీ స్విచాఫ్ చేయించి, వడియాలు తీయడానికి తను మాత్రం డాబా మీదికి పరుగెడుతున్నారు. అపార్ట్‌మెంట్లకు వైరింగు, ఎర్తింగు పనులు చేయించడమే నా వృత్తి. ఇందులో నాకు భయం వేసేది ఫోన్ల గురించి కాదు, వడియాల గురించి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానల తీరు వేరు. పొద్దుటి నుంచి నేల కాగిపోయి ఉంటుంది. బంగాళాఖాతం వైపు నుంచి తేమ గాలి వచ్చి చేరిందంటే, మధ్యాహ్నం కనిపించని మబ్బు సాయంత్రానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్ల ఎత్తు లేస్తుంది. లోపల సన్నటి మంచు పలుకులు, వాటికంటే బరువైన మెత్తటి మంచు గుళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. తేలికవి ధనావేశంతో పైకి పోతాయి, బరువైనవి రుణావేశంతో కింది భాగంలో ఉండిపోతాయి. ఈ తేడా గాలి తట్టుకోలేనంత పెరిగినప్పుడు మెరుపు. అది పోయిన దారిలో గాలి 30,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ఒక్కసారిగా పగిలినట్టు విచ్చుకుంటుంది. మనకు వినిపించే ఉరుము అదే.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పిడుగు పడడానికి వాన మొదలవ్వాల్సిన పని లేదు. మబ్బు అంచు నుంచి పది కిలోమీటర్ల అవతల, ఇంకా ఎండ కాస్తున్న చోట పడిన పిడుగులూ ఉన్నాయి. మనవాళ్ళేమో వాన చినుకునే లెక్కపెట్టుకుంటారు. దుమ్ము లేచి, చల్లగాలి కొట్టి, మట్టి వాసన రాగానే "ఇంకా చినుకు పడలేదుగా" అని అందరూ పైకే వెళ్తారు. మా టెర్రస్ మీద ప్రతి వేసవిలో చూస్తుంటాను. మాగాయ ముక్కలు ఎండబెట్టిన పాత చీరను నాలుగు కొసలూ పట్టుకుని నలుగురు ఎత్తుతుంటారు. వాళ్ళ నెత్తి మీద వాటర్ ట్యాంకు పైపు నుంచి లిఫ్టు రూము కొక్కెం దాకా లాగి కట్టిన ఇనుప దండెం. ఉరిమినప్పుడల్లా ఒకావిడ "అర్జునా, ఫల్గుణా" అంటూనే ముక్కలు పోగుచేస్తుంది. ఆ చుట్టుపక్కల అంతకంటే ఎత్తయిన చోటు లేదు, నెత్తి మీది ఆ తీగ కంటే మంచి దారి పిడుగుకి దొరకదు. కాబట్టి ఉరుము వినబడిందంటే వడియాలు తడిసిపోనివ్వండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి వెళ్ళమనండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య క్షణాలు లెక్కపెట్టి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం కట్టే పద్ధతి సరైనదే. కానీ హైదరాబాద్ హారన్ల మోతలో మనకు ఉరుము వినపడిందంటేనే మబ్బు మనల్ని అందుకునేంత దగ్గరకు వచ్చేసిందని అర్థం.

ఇక టవర్ సంగతి. పిడుగు మబ్బులోంచి బయల్దేరేటప్పుడు ఎక్కడ పడాలో నిర్ణయించుకోదు. మెట్లు మెట్లుగా దిగుతూ, చివరి కొన్ని పదుల మీటర్లకు వచ్చాకే కింద ఏది దగ్గరో దానికి అంటుకుంటుంది. చేతిలో ఫోను, చేతికి గాజులు దాన్ని పిలవలేకపోవడానికి కారణం ఇదే. ఇంజనీర్లు లెక్క వేసేటప్పుడు పెద్ద బంతిని ఊరంతా దొర్లిస్తున్నట్టు ఊహిస్తారు. బంతి తాకిన చోటల్లా పిడుగు పడొచ్చు, తాకలేని మూలలే భద్రం. ఆ బంతి వ్యాసార్ధం భద్రతా స్థాయిని బట్టి 20 నుంచి 60 మీటర్ల దాకా తీసుకుంటారు. 45 మీటర్లు అనుకుని మీ బిల్డింగ్‌కు వేసి చూడండి. మీ డాబా ఉండే పదిహేను మీటర్ల ఎత్తులో, టవర్ గోడ నుంచి పదకొండు మీటర్లు దాటగానే దాని రక్షణ అయిపోతుంది. టవర్ ఇరవై కాదు, నలభై అంతస్తులున్నా ఈ లెక్క మారదు. మధ్యలో ఖాళీ జాగా, కాంపౌండ్ గోడ, పార్కింగ్ తీసేస్తే మీ డాబా మూల కూడా అందులోకి రాకపోవచ్చు. "మా కడ్డీ పెడితే చుట్టూ వంద మీటర్లు కాపాడుతుంది" అని ఖరీదైన కడ్డీలు అమ్మేవాళ్ళూ వస్తుంటారు. పిడుగు రక్షణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305లో అలాంటి అదనపు దూరానికి చోటు లేదు. ఆ డబ్బుతో మామూలు కడ్డీ, పిట్టగోడ చుట్టూ లోహపు పట్టీ, సరైన ఎర్తింగు పెట్టించుకోవచ్చు.

మీ బిల్డింగ్‌కు సొంత కడ్డీ ఉంటే సంతోషమే, కానీ పైనున్న మొనను చూసి వచ్చేయకండి, కడ్డీ నుంచి నేలలోకి దిగే పట్టీ వెంట కిందిదాకా నడవండి. నేను చూసిన ఒక బిల్డింగ్‌లో కడ్డీ తళతళలాడుతోంది. సోలార్ హీటర్ బిగించినవాళ్ళు అడ్డం వచ్చిందని పట్టీని పిట్టగోడ దగ్గర కోసేశారు. పై ముక్కను వంచి హీటర్ స్టాండ్ కిందికి తోసేశారు, కింది ముక్క గోడకు అలాగే ఉంది, మీద రంగు కూడా వేశారు. కింద నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అలాంటి కడ్డీ మీద పిడుగు పడితే కరెంటు నేలకు పోదు, హీటర్ పైపుల్లోంచి బాత్‌రూముల్లోకి వస్తుంది.

ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రమాదం వచ్చే దారులు వైర్లు, పైపులు. ఉరుముతున్నంతసేపూ షవర్ కింద నిలబడడం, అంట్లు తోమడం, బాల్కనీ గ్రిల్ పట్టుకుని వాన చూడడం మానేయండి. ఫోను మాట్లాడొచ్చు, చార్జింగ్‌లో పెట్టి మాట్లాడకూడదు.

సామాన్ల విషయానికొస్తే, పిడుగు మన మీద పడనక్కర్లేదు. ఒకసారి మా వీధి చివర ఎక్కడో పడింది, ఏ ఇంటికీ గీత పడలేదు, కానీ మా బ్లాకులో రౌటర్లు, లిఫ్టు బోర్డు పోయాయి. "ఎంసీబీ ఉందిగా" అన్నారు అసోసియేషన్ వాళ్ళు. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రమా? ఎంసీబీ అంటే బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్, షార్ట్ సర్క్యూట్‌ను ఆపడానికి పెట్టింది, అది పడిపోవడానికి మిల్లీ సెకన్లు కావాలి. పిడుగు తెచ్చే సర్జ్, అంటే ఒక్కసారిగా వచ్చే కరెంటు పోటు, మైక్రో సెకన్లలో పని ముగించుకుని వెళ్ళిపోతుంది. స్విచ్ ఆపేసినా లాభం తక్కువ, కిలోమీటర్ల గాలిని దాటొచ్చినదానికి స్విచ్‌లోని కొద్ది మిల్లీమీటర్ల ఎడం ఒక లెక్కా? ప్లగ్గు పూర్తిగా పీకేయాలి, టీవీ కేబుల్, నెట్ వైరు కూడా. అదీ మబ్బు పట్టగానే చేయాలి, నెత్తి మీద ఉరుముతుంటే ముట్టుకోవద్దు. మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించుకుంటే అది ఆ పోటును ఎర్తుకు మళ్ళిస్తుంది. దానికి చిన్న కిటికీ ఉంటుంది, ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తే మార్చేయాలి.

రోడ్డు మీద ఉంటే కారు మంచిదే. కాపాడేది టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప డొల్ల. ఆటో, బైకు పనికిరావు. అన్నిటికంటే చెడ్డది చెట్టు కింద బండి ఆపడం. చెట్టు మీద పడిన కరెంటు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేలలో పాకి కాళ్ళలోంచి కూడా ఎక్కుతుంది. 2022లో దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్క. ఊళ్ళో పొలం పనులు చేసేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు ఉంటే వాళ్ళ ఫోన్‌లో దామిని యాప్ వేసిపెట్టండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేసింది, చుట్టుపక్కల మెరుపులు పడుతుంటే చెబుతుంది. ఎవరికైనా దెబ్బ తగిలితే ముట్టుకోవడానికి భయపడొద్దు, ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఊపిరి ఆగితే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ గుండెను ఆడించడం) మొదలుపెట్టి, పక్కవాళ్ళతో 108కి ఫోన్ చేయించండి.

చివరగా అసోసియేషన్ మీటింగులో అడగాల్సింది: ఎర్త్ పిట్ (కరెంటును నేలలోకి దించే గుంత) ఎక్కడుంది, దాని నిరోధం రీడింగ్ ఎంత? పది ఓమ్‌ల లోపు ఉండాలి. మనది గ్రానైట్ నేల, అసలే కరెంటును సరిగ్గా పీల్చుకోదు. పైగా ఎండాకాలంలో పిట్‌లో తడి ఆరిపోతుంది, పిడుగులు వచ్చేదీ అప్పుడే. అందుకని టెస్టు మార్చిలోనే చేయించమనండి. చాలామంది వర్షాకాలంలో, మట్టి నాని ఉన్నప్పుడు చేయించి మంచి రీడింగ్ వచ్చిందని ఫైల్లో పెట్టేస్తారు. ఆ కాగితం ఏప్రిల్‌కు పనికిరాదు.