మాల్టాకు వెళ్లేముందు మాల్టీస్ ఎంత నేర్చుకోవాలి?

అమ్మానాన్నలతో వారం రోజులు మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవులకు వెళ్తున్నామని, అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, వాళ్ల సొంత భాష మాల్టీస్ మాటలు నేర్చుకోవడం అవసరమా, నేర్చుకుంటే ఏవి అని అడిగారు. పెద్దవాళ్లు శాకాహారులని కూడా రాశారు. నా సలహా ఒకటే: ముందు అక్షరాలు నేర్చుకోండి, మాటల సంగతి తర్వాత చూద్దాం.

మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా అక్కడ అధికార భాషే. హోటల్లో, బ్యాంకులో, ఆసుపత్రిలో మీకు ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా ఊళ్ల పేర్లతోనే. మేం కారు అద్దెకు తీసుకోకుండా బస్సుల్లోనే తిరిగాం. (అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగే కాబట్టి మీకు ధైర్యముంటే కారు తీసుకోవచ్చు.) బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి, కానీ చూసింది చూసినట్టు చదివితే ఎవరికీ అర్థం కాదు. బస్సులో అనౌన్స్‌మెంట్ విన్నా అది మనం దిగాల్సిన ఊరేనని తెలియదు.

ఎక్స్ కనిపిస్తే 'ష' అనుకోండి. చేపల సంతకు పేరుపడ్డ ఊరు మార్సష్లోక్, గోజో దీవిలో బీచ్ ఉన్న ఊరు ష్లెండి. రెండిట్లోనూ ఆ ష ఎక్సే. జె అంటే 'య'. సి మీద చుక్క ఉంటే 'చ', జి మీద చుక్క ఉంటే 'జ', చుక్క లేకపోతే 'గ'. జెడ్ మీద చుక్క ఉంటే మనం 'బజారు' అన్నప్పుడు వచ్చే జ. చుక్క లేని జెడ్ మాత్రం 'త్స'. ఇంగ్లీషువాళ్లు దీనికి తడబడతారేమో గానీ మనకు తేలికే, 'చాలు' అన్నప్పుడు నోట్లో పలికే చ దాదాపు అదే. హెచ్‌కి పైన అడ్డగీత ఉంటే గట్టిగా 'హ' అనాలి, గీత లేకపోతే సాధారణంగా పలకనే పలకరు. జి పక్కన గీత ఉన్న హెచ్ జంటగా వస్తే ఎక్కువచోట్ల ఆ రెండూ మూగవే, పక్కనున్న అచ్చు సాగుతుంది. గోజోని మాల్టీస్‌లో ఆవ్‌దెష్ అంటారు. రాసింది చూస్తే ఆ పలుకుబడి ఊహకు కూడా రాదు. ఇక క్యూ ఉంది చూశారూ, అది 'క' కాదు. గొంతులో గాలిని ఒక్క క్షణం బిగబట్టి వదలడమే. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, మీకు రాకపోయినా ఏం కాదు.

ఒకే పేరు రెండు చోట్ల ఉండటం ఇంకో తలనొప్పి. ఇమ్‌జార్ అనే పల్లె పెద్ద దీవి మాల్టాలో ఉంది, గోజోలో ఓడరేవు పేరూ ఇమ్‌జారే. రబాత్ కూడా అంతే, ఇమ్దీనా కోట పక్కన ఒకటి, గోజోలో ఇంకొకటి. గోజోకు కార్లను కూడా తీసుకెళ్లే ఫెర్రీ ఎక్కేది పెద్ద దీవిలోని చిర్కెవ్వాలో. 'ఇల్-బెల్త్' అని ఎవరైనా అంటే రాజధాని వలెట్టా అన్నమాట. బస్టాపును మన పల్లెల్లోలాగే వాళ్లూ స్టేజీ అంటారు, అది వినగానే నాకు నవ్వొచ్చింది.

మాటలకొస్తే నాకు బాగా పనికొచ్చినవి కొన్నే. పొద్దున 'బోంజు', సాయంత్రం 'బోన్‌స్వా'. థాంక్స్‌కి 'గ్రాత్సి', దయచేసి అనడానికి 'యెక్ యోజ్‌బొక్', వెళ్లొస్తామనడానికి 'సహ్హా'. అవును 'ఈవా', కాదు 'లే'. 'కెమ్?' అంటే ఎంత. 'ఫెయ్న్?' అంటే ఎక్కడ. 'మేలా' అన్న మాట ప్రతి రెండో వాక్యంలో వినిపిస్తుంది. అయితే, సరే, మరి, అవును కదా, అన్నిటికీ అదే. మీరు వాడక్కర్లేదు, వింటే చాలు.

ఇంట్లో గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లుంటే ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వాళ్లకు చెప్పక్కర్లేదు: వీహెత్, త్నెయ్న్, త్లీతా, ఎర్బా, హమ్సా. సిసిలీలో ఒకప్పుడు మాట్లాడిన అరబ్బీ నుంచి పుట్టిన భాష ఇది, మీద ఇటాలియన్ మాటలు బాగా కలిశాయి. అందుకే అంకెలు అరబ్బీ, థాంక్స్ ఇటాలియన్. అరబ్బీలో థాంక్స్ అనే 'షుక్రన్' మాత్రం ఇక్కడ చెల్లదు.

ఎవరితో మాట్లాడాలన్నది కూడా చూసుకోవాలి. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా విదేశీయులు. టూరిస్టులు ఎక్కువగా ఉండే స్లీమాలోనో సన్ జిల్యాన్‌లోనో వెయిటర్‌కు 'బోన్‌స్వా' చెబితే ఆయన కేరళ నుంచో నేపాల్ నుంచో వచ్చినవాడు కావచ్చు, మన మాల్టీస్ విని మనకన్నా ఎక్కువ బిక్కమొహం వేస్తాడు. ఆ మాటలకు విలువ పల్లెల్లో, పాస్తిత్సీ అనే పఫ్‌లు అమ్మే చిన్న కొట్లలో, ఆదివారం మార్సష్లోక్ సంతలో, ఊరి బ్యాండ్ క్లబ్బుల్లో. ముసలాళ్లు మనం 'గ్రాత్సి హాఫ్నా' (చాలా థాంక్స్) అనగానే ఎక్కడినుంచి వచ్చారని మొదలుపెట్టి ఇంగ్లీషులోకి దిగిపోతారు. వేసవిలో ఏదో ఒక ఊళ్లో చర్చి ఉత్సవం ఉంటుంది, అప్పుడు 'ఇల్-ఫెస్తా త్-తైబా' (పండగ శుభాకాంక్షలు) అంటే సరిపోతుంది.

మీ అమ్మానాన్నల తిండి సంగతి. పాస్తిత్సీ అంటే పొరలు పొరలుగా ఉండే పఫ్ లాంటిది. లోపల బఠాణీ ముద్ద ఉంటే 'తాల్-పిజెల్లి', రికోటా జున్ను ఉంటే 'తాల్-ఇర్కోత్తా'. కొట్లో 'త్నెయ్న్ తాల్-పిజెల్లి, యెక్ యోజ్‌బొక్' అంటే రెండు ఇస్తారు. అంకె పక్కన వస్తువు పేరు పెడితే అంకె రూపమే మారిపోతుంది, అలా 'తాల్' అని లాగించేస్తే ఆ గొడవ ఉండదు. పైపొరకు పందికొవ్వు వాడటం పాత అలవాటు, అందుకని పట్టింపు ఉంటే కొట్లో ఇంగ్లీషులోనే అడిగి తెలుసుకోండి, అక్కడ మాల్టీస్ ప్రయోగాలు వద్దు. నూనె, టమాటా రాసిన రొట్టె 'హొబ్జ్ బిజ్-జెయ్త్'లో సాధారణంగా ట్యూనా చేప ఉంటుంది, అది వద్దంటే 'బ్లా తొన్' అనాలి. మాంసం వద్దంటే 'బ్లా లహామ్', చేప వద్దంటే 'బ్లా హూత్'. టీ కావాలంటే 'తే ఫిత్-తాత్సా' అడగండి, గాజు గ్లాసులో పాలు పోసిన టీ ఇస్తారు. మీ నాన్నగారికి చక్కెర తక్కువ కావాలంటే ముందే చెప్పాలి.