కంటి రెప్ప వాలితే ఛాతీకి ఆపరేషనా?

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్ళు. పొద్దున పత్తి ఏరడానికి బాగానే పోతుంది. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ కంటి రెప్ప వాలిపోతుంది, ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తారు. రాత్రి జొన్న రొట్టె సగం తినేసరికి దవడలు ఆడవు, గడ్డాన్ని చేత్తో పట్టుకుని నములుతుంది. కర్నూలులో పరీక్షలు చేసి మయస్తీనియా గ్రేవిస్ అన్నారు. రక్తంలో యాంటీబాడీ ఉందట. మాత్రలతో కొంత తేరుకుంది. ఇప్పుడు ఛాతీలోని థైమస్ గ్రంథి తీసేయాలంటున్నారు. కంటికి జబ్బొస్తే ఛాతీ కోయడమేమిటని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. కొత్త ఇంజెక్షన్లు వచ్చాయని, లక్షల్లో ఖర్చని ఫోన్‌లో చూశాను. మాకున్న రెండెకరాలు అమ్మి వేయించమంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని దగ్గర పల్లె

జవాబు: పొలం అమ్మకండి. ముందు ఆ మాట చెప్పి, ఎందుకో తర్వాత చెబుతాను.

మీ అమ్మగారి కంటికి జబ్బు లేదు, దవడకూ లేదు. నరం నుంచి కండరానికి కబురు చేరే చోట ఉంది. నరం కొస నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వస్తుంది, దాన్ని అందుకునే గ్రాహకాలు కండరం మీద ఉంటాయి. ఈ జబ్బులో మన రక్షణ వ్యవస్థే యాంటీబాడీలు తయారుచేసి ఆ గ్రాహకాలను పాడుచేస్తుంది. నాగుపాము కరిచినవాళ్ళకు రెప్పలు వాలిపోవడం మీ ఊళ్ళో పెద్దలు చూసే ఉంటారు. ఆ విషం మూసేది కూడా ఈ గ్రాహకాలనే. 1973లో అమెరికా శాస్త్రవేత్తలు కట్లపాము జాతి విషాన్నే వాడి, ఈ రోగుల కండరాల్లో గ్రాహకాలు చాలా తక్కువగా ఉన్నాయని లెక్కగట్టారు. మీ అమ్మగారు వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ రసాయనాన్ని కాసేపు ఎక్కువగా నిలబెడుతుంది, అంతే. దాని బలం మూడు నాలుగు గంటలు. అందుకే రాత్రి తిండికి అరగంట, ముప్పావుగంట ముందు వేయండి. రొట్టె ముందు పెట్టుకుని మాత్ర మింగితే అది పనిచేసేలోపు దవడ అలసిపోతుంది. ఆ పూటలకు రొట్టెను పాలలోనో పప్పులోనో నానబెట్టి ఇవ్వండి.

ఇక ఛాతీ సంగతి. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ చిన్నతనంలో రక్షణ కణాలకు బడి లాంటిది, పెద్దయ్యాక కుంచించుకుపోవాలి. ఈ జబ్బున్న చాలామందిలో అది కుంచించుకుపోకుండా, ఈ యాంటీబాడీలకు పుట్టిల్లవుతుంది. నూటికి 10 నుంచి 15 మందిలో అక్కడ గడ్డ కూడా ఉంటుంది. గడ్డ ఉంటే తీయాల్సిందే. గడ్డ లేకపోయినా తీస్తే మేలా అన్నదాని మీద డాక్టర్లు దశాబ్దాలు వాదించుకున్నారు. 2016లో తేలింది. యాంటీబాడీ ఉన్న, 18 నుంచి 65 ఏళ్ళ లోపు 126 మందిని రెండు గుంపులు చేసి మూడేళ్ళు చూశారు. అందరికీ ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడే ఇచ్చారు, ఒక గుంపుకు థైమస్ కూడా తీశారు. తీసినవాళ్ళకు నీరసం తగ్గింది, రోజు విడిచి రోజు వేసే స్టెరాయిడ్ కూడా సగటున 60 మిల్లీగ్రాముల బదులు 44 సరిపోయింది. వయసు, యాంటీబాడీ రెండూ చూస్తే మీ అమ్మగారు ఆ లెక్కలోకి వస్తారు. కాబట్టి మీ డాక్టరు చెప్పింది సబబే. కాకపోతే ఫలితం నెలల మీద, ఒక్కోసారి ఏడాది రెండేళ్ళకు కనిపిస్తుంది. ఆపరేషనైన వారానికే రెప్ప లేవలేదని దిగులుపడకండి. ఖర్చు గురించి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి.

కొత్త ఇంజెక్షన్లు నిజమే, నేను వాటిని తక్కువ చేయను. 2017లో ఎక్యులిజుమాబ్ అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి పొందింది. యాంటీబాడీ వెంట వచ్చి కండరాన్ని దెబ్బతీసే ప్రోటీన్లను అది అడ్డుకుంటుంది. 2021 చివర్లో ఎఫ్‌గార్టిజిమోడ్ వచ్చింది. మన ఒంట్లో యాంటీబాడీలను పారేయకుండా దాచి మళ్ళీ వాడుకునే ఏర్పాటొకటి ఉంది. ఈ మందు దాన్ని ఆపితే యాంటీబాడీలు త్వరగా నశిస్తాయి. వారానికొకటి చొప్పున నాలుగు వారాలిచ్చి, అవసరాన్ని బట్టి మళ్ళీ మొదలుపెడతారు. ఆ 'మళ్ళీ' అన్నదే పొలం అమ్మవద్దనడానికి కారణం. ఒకసారి వేస్తే తీరిపోయేది కాదు. మామూలు మందులకు లొంగనివాళ్ళకు ఇవి పెద్ద ఆసరా. మీ అమ్మగారు మాత్రకే తేరుకుంటున్నారు. స్టెరాయిడ్, రక్షణ వ్యవస్థ దూకుడు తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర, ఆపరేషన్ అన్నీ ఇంకా చేతిలో ఉన్నాయి. స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొత్తలో నీరసం పెరగవచ్చు, మీ డాక్టర్‌ను అడగకుండా ఎప్పుడూ ఆపకండి.

లక్షల ఇంజెక్షన్ల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది చిన్న ఇంజెక్షన్. కడప వైపు నుంచి ఇదే జబ్బుతో నా దగ్గరికి వచ్చే ఒకామెకు మూత్రంలో మంట పుడితే, ఎక్కడో మూడు రోజులు జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ వేశారు. నాలుగో రోజు తెల్లవారుజామున కొడుకు ఆటోలో తెచ్చాడు. తల నిలబడటం లేదు, మాట ముక్కులోంచి వస్తోంది, పెదవుల చివర ఉమ్ము కారుతోంది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది, బతికింది. అందులో నా తప్పూ ఉంది. ఏ మందులు కూడవో ఆమె చీటీ మీద నేను రాయలేదు. అప్పటి నుంచి ప్రతి చీటీ మీదా ఎర్ర సిరాతో రాస్తున్నాను.

మీరూ ఒక అట్టముక్క మీద రాసి అమ్మగారి సంచిలో పెట్టండి: జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్, బీపీకి ఇచ్చే ప్రొప్రనొలాల్ రకం మాత్రలు, మెగ్నీషియం ఇంజెక్షన్. ఇవేవీ నరాల డాక్టర్‌ను అడగకుండా వేయకూడదు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా ఆ అట్ట చూపించండి.

రోజూ సాయంత్రం అమ్మగారిని గట్టిగా ఊపిరి తీసుకుని, ఆ ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతదాకా లెక్కపెట్టగలరో పైకి లెక్కపెట్టమనండి. ఆ అంకె పుస్తకంలో రాయండి. అది ఉన్నట్టుండి పడిపోయినా, నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చినా, పడుకుంటే ఆయాసమొచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. అదే రాత్రి వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి, 108కి చేయండి, అట్టముక్క మరచిపోకండి.