సెట్‌యూఐడీ బిట్ ఉన్నా స్క్రిప్టుకు అనుమతి దొరకకపోవడం గురించి

రక్షిత ఫోల్డరులోని ఫైళ్ల అనుమతులను మార్చే షెల్ స్క్రిప్టును రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరిట ఉంచి, సీహెచ్‌మోడ్ 4755 (ఎవరు నడిపినా ఫైలు యజమాని అధికారంతో నడిచేలా చేసే సెట్‌యూఐడీ బిట్‌తో కూడిన అనుమతి) ఇచ్చినా, మామూలు యూజర్ నడిపితే ‘పర్మిషన్ డినైడ్’ అనే వస్తోందని రాశారు. మీ కమాండులో తప్పు లేదండీ. షెబాంగ్ వరుసతో (ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే ‘#!’ వరుసతో) మొదలయ్యే స్క్రిప్టులపై సెట్‌యూఐడీ బిట్‌ను లైనక్స్ కెర్నల్ అసలు పట్టించుకోదు. కెర్నల్ ఫైలును చూసిన క్షణానికీ, షెల్ దాన్ని మళ్లీ తెరిచే క్షణానికీ మధ్య ఎవరైనా సింబాలిక్ లింకును (మరో ఫైలును చూపించే ఫైలును) మార్చేసి, తమ సొంత స్క్రిప్టును రూట్ అధికారంతో నడిపించే ప్రమాదం ఉండటమే అందుకు ప్రధాన కారణం.

కాబట్టి ముందు స్క్రిప్టు అనుమతిని ఆ బిట్ లేని 0755కు మార్చండి. తర్వాత స్క్రిప్టును రూట్ తప్ప మరెవరూ రాయలేని డైరెక్టరీలో పెట్టండి, ఎందుకంటే డైరెక్టరీలో రాసే అనుమతి ఉన్నవారు మీ ఫైలును తీసేసి అదే పేరుతో తమది పెట్టగలరు. ఆపైన సుడో (అనుమతించిన కమాండును రూట్ అధికారంతో నడిపే సాధనం) నియమాలుండే సుడోయర్స్ ఫైలును, సింటాక్స్ సరిచూసే విసుడోతో తెరిచి, సంబంధిత గ్రూపుకు ఆ ఒక్క స్క్రిప్టునే పూర్తి పాత్‌తో అనుమతించండి. మామూలు ఎడిటరుతో మాత్రం ఆ ఫైలును తాకవద్దు. అందులో ఒక్క సింటాక్స్ పొరపాటు జరిగినా సుడో మొత్తంగా పనిచేయకుండా పోవచ్చు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మరొకటి. మీ స్క్రిప్టు ఫైలు పేరును యూజర్ నుంచే తీసుకుంటోంది. ఎవరైనా రెండు చుక్కలు, స్లాష్ కలిపి పైడైరెక్టరీల మీదుగా పాస్‌వర్డుల సమాచారం ఉండే షాడో ఫైలు దాకా పాత్ ఇస్తే, దాని అనుమతులూ మారిపోతాయి. స్లాష్ ఉన్న పేరును, సింబాలిక్ లింకును మొదటే తిరస్కరించండి, వేరియబుల్‌ను ఎప్పుడూ డబుల్ కోట్స్‌లోనే వాడండి.