ముందు ఆ పొలం ఎవరిదో చెప్పు

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి బస్సులో ఫోన్ మీద, రెండోసారి ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని. స్పెయిన్ మీద డచ్చివాళ్ల తిరుగుబాటు గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే ముచ్చటేసింది. కానీ "స్వేచ్ఛ కోసం ప్రజలంతా ఒక్కటై నడుం బిగించారు" అని మొదలుపెట్టావు చూడు, అక్కడే పెన్ను ఆగిపోయింది. ఎవరయ్యా ఒక్కటైంది? 1566లో బ్రస్సెల్స్‌కి అర్జీ పట్టుకెళ్లినవాళ్లు పెద్దింటి వాళ్లు. మతం పేరుతో జనాన్ని విచారించి చంపడం ఆపమన్నారు, అంతేగానీ అప్పట్లో తమను ఏలుతున్న స్పెయిన్ రాజు ఫిలిప్ మాకొద్దనలేదు. కొలువులో ఒకాయన వాళ్లను బిచ్చగాళ్లని వెక్కిరిస్తే, ఆ తిట్టునే బిరుదు చేసుకుని బిచ్చపు చిప్పల బొమ్మలు నగల్లా వేసుకు తిరిగారు. ఇంత మంచి సంగతిని బ్రాకెట్లో పడేస్తావా!

రాజును కాదని తేల్చి చెప్పింది 1581లో, అంటే 15 ఏళ్లకి. ఇవాళ్టి డచ్ జాతీయ గీతంలో కూడా తిరుగుబాటు నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్ నోట స్పెయిన్ రాజును నేనెప్పుడూ గౌరవించాననే మాట ఉంది. నీ కథంతా ఈ తటపటాయింపులోనే ఉంది, దాన్ని దాటేసి పరిగెత్తావు.

తిరుగుబాటు అణచమని ఫిలిప్ పంపిన ఆల్బా ప్రభువును ఒక్క పేజీలో మూడుసార్లు క్రూరుడన్నావు. తిట్టడం మానేసి ఆయన చేసింది చెప్పు. అదే రాజుకు యుద్ధాలు గెలిచిపెట్టిన అక్కడి పెద్దింటివాడు ఎగ్మాంట్ తల 1568లో బ్రస్సెల్స్ నడిబొడ్డున నరికించాడు. ఆ తర్వాత అమ్మే ప్రతి సరుకు మీదా పదో వంతు పన్ను కట్టమన్నాడు. మతం గొడవ పట్టని కొట్టువాడికి కూడా కడుపు మండేది ఇక్కడే.

ఇక 1574లో డచ్ ఊరు లైడెన్ ముట్టడిని నువ్వు రెండు లైన్లలో ముగించేశావు, నేనైతే సగం వ్యాసం దానికే ఇస్తాను. ఊరు చుట్టూ స్పెయిన్ సైన్యం, లోపల ఆకలి, రోగం, వేలల్లో చావులు. బయట ఉన్నవాళ్లు ఏం చేశారు? తమ కరకట్టలు తామే తెగ్గొట్టుకున్నారు, పడవలు పొలాల మీదుగా ఊరిదాకా వెళ్లాలని. మన కృష్ణా కరకట్ట కింద బతికేవాడికి ఈ మాట చెప్పి చూడు, వాడి మొహంలో ఏం కనిపిస్తుందో అదే నీకు కావాల్సిన మొదటి పేరా. పైగా కట్టలు తెగినా నీళ్లు చాలలేదు, అడుగు చదునుగా ఉన్న పడవలు కూడా పొలాల్లోనే ఆగిపోయాయి, రొట్టెలూ హెరింగ్ చేపలూ వాటిలో అలాగే ఉన్నాయి, ఊళ్లోవాళ్లేమో నీళ్లను ఇటు తోసేలా గాలి ఎప్పుడు తిరుగుతుందా అని చూస్తూ కూర్చున్నారు. తిరిగింది. నీళ్లు పెరిగాయి, సైన్యం రాత్రికి రాత్రే జారుకుంది. అక్టోబర్ 3న పడవలు ఊళ్లోకొచ్చాయి. ఇప్పటికీ ఆ రోజున లైడెన్‌లో తెల్ల రొట్టె, హెరింగ్ పంచుతారు.

చివర్లో బందరు పేరా ఉంచు, కానీ పొగడ్త తీసెయ్. స్పెయిన్‌తో యుద్ధం ఇంకా నడుస్తుండగానే, 1605లో డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీ బందరులో వర్తకానికి దిగింది, అక్కడి వలందపాలెం పేరు వాళ్ల వల్ల వచ్చిందే. తమ మీద పరాయి పెత్తనం వద్దన్నవాళ్లు తూర్పు దీవుల్లో, అంటే ఇవాళ్టి ఇండోనేషియాలో, ఏం చేశారో ఒక్క వాక్యం రాయి, చాలు.

తిరగరాసి పంపు. ఈసారి మొదటి లైన్లో నాకు నీళ్లు కనబడాలి.