సముద్రం గాలించిన ఇసుక

సందేహం: ‘తీరం కోతకు గురైన చోట ఇసుకలో రేడియోధార్మికత ఎక్కువగా కనిపిస్తుంది’ అని ఒక వ్యాసంలో చదివాను. కోత అంటే ఉన్నది పోవడం కదా, ఎక్కువ కావడం ఏమిటి? ఇసుకకు ‘ధార్మికత’ ఎక్కడిది?
– ఒక ఉపాధ్యాయురాలు, భీమునిపట్నం

సమాధానం: అమ్మా, వాక్యంలో విషయం నిజమే. మాటలతోనే నాకు పేచీ.

‘కోతకు గురైన’ వ్యాకరణ దోషం కాదు. కానీ మన ఊళ్లలో ‘సముద్రం గట్టును కోసుకుపోయింది’ అంటారు. కోసేది ఎవరో అందులో కనిపిస్తుంది. పంట కోత, కరెంటు కోత, కడుపుకోత మీకు తెలిసినవే.

ఇక ‘ధార్మికత’. ధర్మానికి వస్తువు స్వభావమనే అర్థం ఉంది. వేడి నిప్పు ధర్మం అంటాం కదా. అయితే ‘ధార్మిక’ శబ్దానికి పాణిని సూత్రం ‘ధర్మం చరతి’. అంటే ధర్మాన్ని ఆచరించేవాడు. హిందీలో ‘రేడియోధర్మిత’ అంటారు, అది నయం. మన మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. తప్పని కొట్టేయలేను, ఒప్పుకోవడానికీ మనసు రావడం లేదు.

మీ అసలు ప్రశ్నకు జవాబు ‘గాలించు’ అనే మాటలో ఉంది. ఈ మాటను మనం పోలీసులకు వదిలేశాం. ‘గాలింపు చర్యలు ముమ్మరం’ అన్న వార్తలో తప్ప ఇప్పుడది వినబడదు. మా అమ్మ రోజూ బియ్యం గాలించేది. గిన్నెలో నీళ్లు పోసి, మెల్లగా ఊపుతూ, తేలికైన బియ్యాన్ని నీళ్లతో పాటు ఇంకో గిన్నెలోకి వంచేది. రాళ్లు అడుగున మిగిలేవి. చాటతో చేసేది చెరగడం, జల్లెడతో చేసేది జల్లించడం, గాలికి పోసేది తూర్పారబట్టడం. నీళ్లతో చేసేది మాత్రమే గాలించడం. అందుకే దీనికి ‘గాలి’తో చుట్టరికం కలపడం నాకు నచ్చదు. సంస్కృతంలో ‘గల్’ అంటే కారడం, జారడం. గళితం, గాలనం అక్కడివే. గాలనమంటే వడకట్టడం. మన మాట దాని నుంచే వచ్చిందని నా నమ్మకం. ఇది దేశ్యమే అనేవాళ్లు ఉంటే వాదనకు దిగను. గాలికి ముడిపెడితే మాత్రం ఒప్పుకోను.

మీ తీరంలో అలలు చేసేది అచ్చంగా ఈ పనే. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ వంటి రాళ్లు చిట్లి, గోస్తనిలాంటి ఏర్ల వెంట సముద్రానికి చేరతాయి. ఆ ఇసుకలో మామూలు క్వార్ట్‌జ్ రేణువు నీటికన్నా 2.65 రెట్లు బరువు. నల్లటి ఇల్మెనైట్ అనే ఖనిజం సుమారు 4.7 రెట్లు, మోనజైట్ అనే ఇంకో ఖనిజం సుమారు 5 రెట్లు. పెద్ద అల వెనక్కి తీసినప్పుడు తేలికైన ఇసుకను లాక్కుపోతుంది, బరువైనది ఒడ్డున చారలుగా ఉండిపోతుంది. తనంతట తాను కిరణాలు వెలువరించే థోరియం అనే మూలకం ఉండేది మోనజైట్‌లో. ఆ గుణాన్నే రేడియోధార్మికత అంటున్నాం. గట్టు తరిగేకొద్దీ మిగిలిన ఇసుకలో దాని వంతు పెరుగుతుంది. కొత్తగా పుట్టేది ఏమీ లేదు. ఆ థోరియంలో సగం తరిగిపోవడానికే దాదాపు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది. అందుకే పరిశోధకులు ఇసుక నుంచి అలా వెలువడే గామా కిరణాలను కొలిచి, తీరంలో ఎక్కడ కోత, ఎక్కడ మేట అన్నది పసిగట్టగలుగుతున్నారు.

‘నల్ల ఇసుక రేడియోధార్మికం’ అని రాయడం కూడా సరికాదు. నలుపు ప్రధానంగా ఇల్మెనైట్‌ది. మోనజైట్ రేణువు తేనె రంగులో, పసుపుపచ్చగా ఉంటుంది. రెండూ బరువైనవే కాబట్టి ఒకచోట చేరతాయి.

‘అలలు గాలించిన చోట ఇసుకలో రేడియోధార్మికత ఎక్కువ’ అని రాసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు. మీ బడి పిల్లలకు చెప్పేటప్పుడు ఒక గిన్నె, గుప్పెడు బియ్యం, నాలుగు గులకరాళ్లు పట్టుకెళ్లండి.