చాంబర్ లీకుకు ఎర్ర సిలికానా, నల్లదా?

ప్రశ్న: మాది పాత వ్యాగన్ఆర్, పెట్రోల్ బండి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే ఆయిల్ చాంబర్, అంచు నుంచి లీకవుతోంది. మెకానిక్ చాంబర్ దింపి, హార్డ్‌వేర్ షాపులో దొరికే తెల్ల సిలికాన్ రాశాడు. పదిహేను రోజుల్లో మళ్లీ చుక్కలు. రెండోసారి నేనే ఎర్ర ట్యూబు కొని ఇచ్చాను. అన్నిటికంటే ఎక్కువ వేడి తట్టుకుంటుందని దాని మీద రాసి ఉంది. ఈసారి మందంగా పూశాడు. అయినా నెల తిరక్కుండానే ఇంటి ముందు నల్ల మరక. అసలు ఏ సిలికాన్ కొనాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఏది కొనాలో చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నాకు భయం వేసింది లీకు గురించి కాదు, ‘మందంగా పూశాడు’ అన్న మాటకి.

విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే పూశాను. కిరాయికి తిరిగే మారుతి వ్యాన్ అది. చాంబర్ బిగించాక పేస్టు చుట్టూతా బయటికి పొంగింది. బాగా పట్టిందనుకుని సంతోషించాను. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వస్తుందని అప్పుడు తోచలేదు. చుక్క కూడా కారలేదు. నాలుగు వారాల తర్వాత హనుమాన్ జంక్షన్ దగ్గర ఆయిల్ లైటు వెలిగి బండి ఆగిపోయింది. చాంబర్ విప్పితే, ఆయిల్ పంపు స్ట్రెయినర్ జాలీకి సిలికాన్ ముక్కలు రబ్బరు పీలికల్లా అడ్డం పడి ఉన్నాయి. ఆయిల్ పైకి ఎక్కక క్రాంక్ బేరింగులు గీరుకుపోయాయి. ఆ డ్రైవరు ఇంటిల్లిపాదీ ఆ బండి మీదే బతుకుతున్నారు. పని పూర్తయ్యేదాకా రోజూ పొద్దున్నే వచ్చి షెడ్డు బయట కూర్చునేవాడు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని చాంబర్ దింపిన వెంటనే స్ట్రెయినర్ కడిగించండి. ఆ తర్వాతే పేస్టు సంగతి.

తెల్ల సిలికాన్ ఎందుకు నిలవలేదంటే, అది బాత్‌రూమ్ టైల్స్ సందులకు వాడేది. ట్యూబు మూత తీస్తే వెనిగర్ వాసన కొడుతుంది. ఆరేటప్పుడు దాన్నుంచి ఎసిటిక్ ఆమ్లం వస్తుంది. దానివల్ల లోహానికి తుప్పు పడుతుంది. పైగా వేడి ఆయిల్‌లో నానితే ఆ సిలికాన్ మెత్తబడి ఊడిపోతుంది. ఇంజన్‌కు ఆ వాసన రాని రకం, ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. ‘సెన్సర్ సేఫ్’ అని కూడా ఉండాలి. లేకపోతే సిలికాన్ ఆవిర్లు ఇంజన్ లోంచి సైలెన్సర్ దారిలోకి వెళ్లి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తాయి.

ఎర్రది కొనడంలో మీరు వేడి ఒక్కటే చూశారు. చాంబర్‌లో ఆయిల్ మామూలుగా 100 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. గట్టిగా తోలితే ఇంకొంచెం పెరుగుతుంది. ఇంజన్ కోసం చేసిన ఏ సిలికానైనా 200 డిగ్రీలు సులువుగా తట్టుకుంటుంది. అక్కడ కావాల్సింది ఆయిల్‌కు ఓర్చుకోవడం. చాలా కంపెనీల్లో ఆ గుణం నల్ల రకానికో, బూడిద రంగు రకానికో ఎక్కువ. అయితే రంగుకు అన్ని కంపెనీలూ పాటించే కొలత ఏదీ లేదు. అందుకే రంగు చూసి కొనకండి, ట్యూబు వెనక ‘ఆయిల్ రెసిస్టెంట్’ అని ఉందో లేదో చదవండి. మీ బండికి నేనైతే బూడిద రంగుదే వాడతాను.

నిజానికి మంచి పేస్టు కూడా జిడ్డు మీద పట్టదు. మీకు రెండోసారి లీకవ్వడానికి ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం. పాత సిలికాన్ మీద కొత్తది అసలు అతుక్కోదు. రెండు అంచులూ పూర్తిగా గీకాలి. చాంబర్ బిగించే ఇంజన్ బ్లాకు అల్యూమినియందైతే పదునైన ఇనప బ్లేడు వాడొద్దు, గీత పడితే అదే కొత్త లీకు. తర్వాత థిన్నర్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాల్సిందే. రేకు చాంబర్‌ను గతంలో ఎక్కువ బిగించి ఉంటే బోల్టు రంధ్రాల దగ్గర అంచు వంగి ఉంటుంది. దాన్ని చదునుగా కొట్టించకుండా ఎంత ఖరీదైన ట్యూబు రాసినా డబ్బు దండగే.

ఇప్పుడు పూయడం. 3 మిల్లీమీటర్ల లావున, ఎక్కడా తెగకుండా ఒకటే తీగ లాగాలి. బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి వెళ్లాలి. రంధ్రాల్లోకి పేస్టు పోనివ్వొద్దు. పైన పొర కట్టేలోపే, అంటే ఐదు పది నిమిషాల్లో చాంబర్ ఎక్కించేయాలి. 10 నంబరు స్పానర్ పట్టే చిన్న బోల్టులు అవి. ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. టార్క్ స్పానర్ మీద బిగింపు 10, 11 న్యూటన్ మీటర్లు చాలు. సిలికాన్ గాలిలో ఉన్న తేమను పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి లోపలిదాకా ఆరడానికి ఒక రోజు పడుతుంది. మీ మెకానిక్ సాయంత్రానికే ఆయిల్ పోసి ఇస్తానంటే వద్దనండి. ఒక్క రాత్రి బండి అక్కడే ఉంచండి.

ప్రశ్న: ఇంజన్ బ్లాకుకూ, పైనుండే హెడ్‌కూ మధ్య వేసే హెడ్ ప్యాకింగ్‌కు రెండు వైపులా సిలికాన్ రాస్తే ఇంకా గట్టిగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: వద్దమ్మా. అక్కడ మంట, ఒత్తిడి రెండూ ఎక్కువ. కూలెంట్, ఆయిల్ దారులు పక్కపక్కనే ఉంటాయి. పిండుకుపోయిన సిలికాన్ వాటికి అడ్డం పడుతుంది. కంపెనీ మాన్యువల్లో ఫలానా మూలన చుక్క పెట్టమని ఉంటే అంతవరకే. హెడ్ మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ కూడా అంతే. రబ్బరు ప్యాకింగ్ పొడిగానే వేసి, చైన్ కవర్ హెడ్‌ను కలిసే మూలల్లో మాత్రం చుక్క పెడతారు. పెట్రోల్ తగిలే చోట సిలికాన్ అసలు వాడొద్దు, ఉబ్బిపోతుంది.

ప్రశ్న: సగం వాడిన ట్యూబు ఏడాదిగా ఉంది. పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: ముందు గడువు తేదీ చూడండి. దాటకపోతే ముక్కు దగ్గర గట్టిపడింది తీసేసి, అట్టముక్క మీద కొద్దిగా పిండండి. నున్నగా వచ్చి, మర్నాటికి రబ్బరులా సాగితే వాడుకోవచ్చు. గడ్డలుగా వచ్చినా, మర్నాటికి కూడా జిగటగానే ఉన్నా పారేయండి.